అరబ్ సరిహద్దులను సఫ్వాన్ దగ్గర మొదలుపెట్టి చదివాను

సివిల్స్ మెయిన్స్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు, జనరల్ స్టడీస్ (జీఎస్) మొదటి పేపర్ సిలబస్‌లో ప్రపంచ చరిత్ర కింద ఒక్క ముక్కలో కనిపించే ‘జాతీయ సరిహద్దుల పునర్నిర్ణయం’ అనే అంశాన్ని నేను ఏడాది పాటు తప్పుగా చదివి, ఆ తర్వాత దిద్దుకున్న తీరును ఇక్కడ రాస్తున్నాను. అరబ్ దేశాల సరిహద్దు వివాదాలపై టెస్ట్ సిరీస్‌లో వచ్చిన 15 మార్కుల ప్రశ్నకు నేను, ఒట్టోమన్ సామ్రాజ్యపు అరబ్ భూములను బ్రిటన్, ఫ్రాన్స్ రహస్యంగా పంచుకున్న 1916 నాటి సైక్స్-పికో ఒప్పందంతోనే పేజీలు నింపాను. నాలుగు మార్కులు వచ్చాయి. పేపరు దిద్దినవారు మార్జిన్‌లో ‘మరి మోసుల్ ఎక్కడుంది?’ అని మాత్రం రాశారు.

అట్లాస్ తెరిస్తే గాని ఆ ప్రశ్న అర్థం కాలేదు. సైక్స్-పికో పటంలో మోసుల్ ఫ్రెంచివారి ప్రభావ ప్రాంతంలో ఉండగా, నేడు అది ఇరాక్‌లో ఉంది. 1920 శాన్ రెమో సమావేశాన్ని, మాండేట్లను (నానాజాతి సమితి తరఫున సాగిన బ్రిటిష్, ఫ్రెంచి పాలనను), మోసుల్‌పై 1925లో నానాజాతి సమితి ఇచ్చిన నిర్ణయాన్ని వదిలేస్తే ఇరాక్ ఉత్తర సరిహద్దే అర్థం కాదు. ఇక గల్ఫ్ వైపు సరిహద్దుల కాగితాలే వేరు.

అన్నీ పైపైన చదవడం మాని, ఒక్క సరిహద్దును మూలం దాకా చదవాలనుకున్నాను. మా మేనమామ 1990లో కువైట్ నుంచి కట్టుబట్టలతో రాజంపేట చేరినవాడు కాబట్టి, ఇరాక్-కువైట్ సరిహద్దును ఎంచుకున్నాను. బ్రిటన్, ఒట్టోమన్ ప్రభుత్వాలు 1913లో కువైట్ చుట్టూ లోపల ఎర్ర గీత, బయట ఆకుపచ్చ గీత గీసి సంతకాలు చేశాయి గాని, మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ ఒప్పందం ఆమోదం పొందలేదు. 1922లో ఉఖైర్‌లో బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్, తర్వాత సౌదీ అరేబియాను స్థాపించిన ఇబ్న్ సౌద్‌తో కూర్చుని, కువైట్ తనదనుకున్న దక్షిణ భూభాగంలో చాలా భాగాన్ని ఇబ్న్ సౌద్ రాజ్యమైన నజ్ద్‌కు వదిలేశాడు. సంచార తెగల మేత, బావుల సమస్య తెగక ఇరుపక్షాలూ పంచుకునే రెండు తటస్థ మండలాలు కూడా అక్కడే పుట్టాయి. ఉత్తరాన మాత్రం 1923లో అదే కాక్స్ పాత ఆకుపచ్చ గీతనే ఒప్పుకున్నాడు.

అసలు చిక్కు ఆ గీతను వర్ణించిన మాటల్లో ఉంది. సఫ్వాన్, ఉమ్ కసర్ ఇరాక్ వైపు ఊళ్లు, జబల్ సనామ్ అక్కడి కొండ. సరిహద్దు ‘సఫ్వాన్ బావులకు, జబల్ సనామ్‌కు, ఉమ్ కసర్‌కు దక్షిణంగా’ సాగుతుందన్నారు గాని, ఎంత దక్షిణంగా అన్నది చెప్పలేదు. సఫ్వాన్‌కు దక్షిణాన దారి పక్కన నాటిన ఒక బోర్డే ఏళ్ల తరబడి హద్దురాయి పని చేసింది. 1939లో అది కాస్తా మాయమైంది. మన పల్లెల్లో గట్టు తగాదాలు చూసినవారికి ఆ తర్వాత ఏమై ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. 1932లో లేఖల ద్వారా ఒప్పుకున్న ఇరాక్, 1961లో కువైట్ స్వతంత్రం కాగానే మొత్తం దేశమే తనదన్నది. 1963లో గుర్తించి, 1990 ఆగస్టు 2న ఆక్రమించింది. చివరకు భద్రతా మండలి 687వ తీర్మానం కింద ఏర్పడిన కమిషన్ స్తంభాలు నాటించగా, 1993లో 833వ తీర్మానం ఆ గీతను ఖరారు చేసింది.

ఈ ఒక్కటి పట్టుబడ్డాక మిగిలినవి తేలికయ్యాయి. హవార్ దీవులపై ఖతార్, బహ్రెయిన్‌ల తగాదాకు 1939 నాటి బ్రిటిష్ నిర్ణయం మూలమని, అంతర్జాతీయ న్యాయస్థానం 2001లో హవార్‌ను బహ్రెయిన్‌కు, దాంతోపాటు వివాదంలో ఉన్న జుబారాను ఖతార్‌కు ఇచ్చిందని ఒక పేజీలో సరిపోయింది. ఈజిప్టు, సూడాన్‌ల సరిహద్దులో ఎర్రసముద్ర తీరాన ఉన్న హలాయిబ్ మాత్రం ఇంకాస్త సమయం తీసుకుంది: ఈజిప్టు పట్టుకున్న 1899 ఒప్పందం 22వ అక్షాంశాన్ని, సూడాన్ పట్టుకున్న 1902 పరిపాలనా గీత వేరొక హద్దును చూపడంతో, రెండు దేశాలూ హలాయిబ్ తమదే అంటాయి, దగ్గర్లోని ఎడారి ముక్క బీర్ తవీల్‌ను తమదంటే హలాయిబ్‌పై వాదన పోతుంది గనుక దాన్ని మాత్రం రెండూ వద్దంటాయి. ఇలాంటిది సమాధానంలో చిన్న పటంగా గీస్తే పేరా రాసే శ్రమ తప్పుతుంది.

నోట్స్‌లో కువైట్ పేజీ కింద సగం ఖాళీగా వదిలాను. ఇరాక్, కువైట్ మధ్య ఉన్న ఖోర్ అబ్దుల్లా జలమార్గ ఒప్పందాన్ని ఆమోదించిన చట్టం చెల్లదని 2023 సెప్టెంబరులో ఇరాక్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వార్తను అక్కడే, బోర్డు మాయమైన 1939కి సరిగ్గా కింద, అతికించుకున్నాను.