పూడిక తీయడానికి అంటార్కిటికా దాకా

అంటార్కిటికాలో ఏం చేశావని ఎవరడిగినా, మంచు కింద భూమి లోపల ఎలా ఉందో తెలుసుకోడానికి నేల కంపనాల్ని కొలిచే సీస్మోమీటర్లు పెట్టొచ్చామని గొప్పగా చెప్తుంటాను. అబద్ధం కాదు. కానీ పశ్చిమ అంటార్కిటికాలోని వెయిస్ డివైడ్ క్యాంపులో నేనున్న 26 రోజులూ లెక్కేస్తే, చేతిలో పరికరం ఉన్న గంటల కంటే పార ఉన్న గంటలే ఎక్కువ. మాది రేపల్లె దగ్గర పల్లె. ఎండాకాలం కాలువలు కట్టేశాక నాన్న పూడిక తీయిస్తుంటే గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి, ఆ పని తప్పించుకోడానికే చదువుకున్నానని కూడా అనుకునేవాణ్ణి.

నిజానికి అక్కడ మంచు మనం ఊహించుకున్నంత కురవదు. ఏడాదంతా పడిన మంచుని కరిగిస్తే అటూ ఇటూగా 20 సెంటీమీటర్ల నీళ్లు, అంటే మన అనంతపురం వానలో సగం కూడా కాదు. కాకపోతే పడింది కరగదు. అలా ఏళ్ల తరబడి పేరుకుని, క్యాంపు కింద మూడు కిలోమీటర్ల పైచిలుకు మందాన ఐసు తయారైంది. 2011 నాటికి అక్కడే 3,405 మీటర్ల లోతుకి డ్రిల్ చేసి, దాదాపు 68 వేల ఏళ్ల నాటి ఐసుని పైకి తీశారు. మా బాధ పైనుంచి పడే మంచుతో కాదు, పడిన మంచుని ఒక్కచోట ఉండనివ్వని గాలితో. గాలికి ఏది అడ్డొస్తే దాని వెనకాల మంచు పేరుకుంటుంది. టెంటు వెనక, స్కిడూ (మంచు మీద నడిపే బండి) వెనక, ఆఖరికి ఊరికే నిలబెట్టిన డబ్బా వెనక కూడా. అందుకే టెంట్లు ఒకదాని వెనక ఒకటి వేయరు, గాలికి అడ్డంగా ఒకే వరసలో వేస్తారు, లేకపోతే ముందు టెంటు పూడిక వెనక టెంటుని మింగేస్తుంది.

తుఫానంటే చలి ఇంకా పెరుగుతుందనుకున్నాను. అదీ రివర్సే. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి కొంచెం వెచ్చగా ఉంటుంది కాబట్టి మైనస్ 22 కాస్తా మైనస్ 9కి వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే గ్లవ్స్ మీద పడ్డ మంచు ఒంటి వేడికి కరిగి తడిసి, తుఫాను తగ్గి మళ్లీ చలి బిగిశాక అట్టముక్కల్లా గట్టిపడ్డాయి. టెంటు జిప్పులో సూది దూరేంత సందు చాలు, పొద్దున లేచేసరికి స్లీపింగ్ బ్యాగ్ మీద మైదాపిండి జల్లినట్టు సన్నటి మంచు. పొద్దున అంటున్నాను గానీ డిసెంబర్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు, గడియారం ఏం చెప్తే అదే పొద్దు. రాత్రి బ్యాగ్‌లో రెండు బాటిళ్లు పెట్టుకుని పడుకుంటాం: ఒకటి వేడినీళ్లది, రెండోది ఎందుకో మీరే ఊహించుకోండి. రెండోదానికి గరుగ్గా ఉండే టేపు చుట్టి పెట్టుకోమని మొదటి రోజే చెప్తారు, కళ్లు మూసుకునే తేడా తెలియాలి కదా.

గాలి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది మబ్బు పట్టిన రోజుల వెలుతురు. నీడలుండవు. నీడ లేకపోతే మిట్టా పల్లం తెలియవు, ఆకాశం ఎక్కడ ఆగి నేల ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. గాలి కోసిన మంచు దుక్కిదున్నిన చేలో చాళ్లలా మోకాలెత్తున ఉంటుంది, అదేమో కంటికి కనిపించదు. ఫ్లాస్క్ పట్టుకుని నడుస్తూ అడుగున్నర మెట్టు మీంచి దబ్బున పడ్డాను, అందరూ నవ్వారు, మర్నాడు వాళ్లూ పడ్డారు. వెదురు బొంగులకి గుడ్డజెండాలు కట్టి దారి పొడుగునా పాతుతారు, ఒక జెండా దగ్గర నిలబడితే రెండోది కనపడాలి, కనపడకపోతే కదలొద్దు. విమానం వచ్చే రోజైతే క్యాంపు వాళ్లు గంటగంటకీ వాతావరణం చెప్పాలి, అందులో ఎంత దూరం కనిపిస్తోందన్నదే కాదు, నేల మీద ఎగుడుదిగుళ్లు కనిపిస్తున్నాయా లేదా అని కూడా విడిగా చెప్తారు. చక్రాలకి బదులు స్కీల మీద దిగే హెర్క్యులిస్ విమానానికి అది చాలా ముఖ్యం.

ఇక నా ఘనకార్యం. నాలుగు రోజుల తుఫాను ముందు సాయంత్రం, కేబుళ్లూ కనెక్టర్లూ ఉన్న పెట్టెని స్లెడ్జి పక్కన నేల మీద పడుకోబెట్టి, జెండా పాతకుండా, రేపు తీద్దాంలే అని టీకి వెళ్లిపోయాను. తుఫాను వెలిసేసరికి స్లెడ్జే సగం కనపడట్లేదు, పెట్టె సంగతి చెప్పక్కర్లేదు. మూడు మీటర్ల సన్నటి గొట్టంతో జానెడు జానెడు దూరంలో పొడుచుకుంటూ సగం రోజు వెతికాను. గొట్టం మంచులోకి దిగితే కస్సుమంటుంది, ప్లాస్టిక్‌కి తగిలితే టక్‌మంటుంది, ఆ టక్ కోసం చెవులు రిక్కించుకుని. చివరికి దొరికింది, నేను మొదట వెతికిన చోటికి రెండు బారల దూరంలో! పైన పేరుకున్న మంచు పొడిమంచు కాదు, గాలి దిమ్మిస కొట్టినట్టు గట్టిది, పార దిగదు. రంపంతో ఇటుకల్లా కోసి ఎత్తాల్సిందే. టీమ్ లీడర్ ఒక్క మాటా అనలేదు, వచ్చి రెండో రంపం అందుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం శాటిలైట్ ఫోన్‌లో నాన్నకి ఇదంతా చెప్పాను. ఆయన అంతా విని, "తీసిన మంచు ఎటేస్తున్నావురా?" అన్నారు. ఎటు వీలైతే అటు అన్నాను. "గాలొచ్చే వైపు గట్టు పోస్తే మళ్లీ గోతిలోకే వస్తుంది, గాలి పోయే వైపు దూరంగా విసరాలి. ఇంజనీరింగ్‌లో చెప్పలేదా?" చెప్పలేదు నాన్నా. అప్పటిదాకా నిరుడు పాతిన సీస్మోమీటర్ని బయటికి తీయడానికి తవ్వుతున్న గొయ్యి, మేం అన్నానికి వెళ్లొచ్చేసరికి మూడోవంతు పూడిపోతోంది. మర్నాటి నుంచి కాస్త నయం.

వెళ్లే రోజు విమానం రెండుసార్లు సగం దారిలోంచి వెనక్కి తిరిగిపోయింది, అక్కడ దాన్ని బూమరాంగ్ అంటారు. మూడోసారి వస్తుందని తెలిశాక వచ్చే ఏడాదికి వదిలేసే సామానంతా మంచుతో కట్టిన ఎత్తైన దిబ్బ మీద సర్దాం, నాలుగు మూలలా జెండాలు పాతి, ఎక్కడుందో జీపీఎస్‌లో నోట్ చేసుకున్నాం. నేను పారల్ని అడుగున పెట్టబోతుంటే లీడర్ ఆపింది. అవి అన్నిటికంటే పైన పెట్టాలట, వచ్చే ఏడాది మొదట కావలసింది అవేనట.