మా ఇంటి పగడాల తొట్టికి దీపం కుదిరిన వైనం

రొయ్యల హేచరీలో నాచు పెంచే గదిలోకి నేను మొదటిసారి అడుగుపెట్టిన రోజు బయట రోహిణి కార్తె ఎండ మండిపోతోంది. లోపల మాత్రం ఏసీ చలికి చేతులు ముడుచుకోవలసి వచ్చింది. గాజు అరల మీద వరుసగా ఫ్లాస్కులు, వాటి వెనుక తెల్లని ట్యూబులైట్లు ఉన్నాయి. ప్రతి ఫ్లాస్కులోకీ దిగిన సన్నని గొట్టం గాలి బుడగలు వదులుతోంది. రొయ్య లార్వాలు తొలి మేతగా తినే కీటోసెరాస్ అనే సూక్ష్మమైన నాచు ఆ సీసాల్లో లేత గోధుమ రంగులో పెరుగుతోంది. అక్కడ పనిచేసే మా బావ ఒక ఫ్లాస్కును చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, "దీనికి కాంతి ఎక్కువైంది, వెనక వరుసకు జరపాలి" అన్నారు. ఎలా తెలిసిందని అడిగితే, "నువ్వు దీపాన్ని చూస్తున్నావు, మేము సీసా రంగును చూస్తాం" అని చెప్పారు. నెల్లూరులోని మా ఇంటి పగడాల తొట్టి విషయంలో నేను చేసిన పొరపాటు నాకు ఆ మాటతోనే అర్థమైంది.

ఆ పొరపాటు ఇది. మా తొట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటుంది. దాదాపు 190 లీటర్ల నీరు పడుతుంది. చెన్నైలో ఒక దుకాణంలో, చీకటి గదిలో నీలి కాంతి కింద మెరిసిపోతున్న తొట్టిని చూసి, అలాంటి దీపమే కావాలని అడిగి తెచ్చుకున్నాను. ఎన్ని వాట్లని అడిగాను, ఎంత ధర అని అడిగాను. నా తొట్టిలో ఏ జీవులు ఉన్నాయో, వాటికి ఎంత వెలుతురు అవసరమో అమ్మినవారు అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఇంటికి తెచ్చి పూర్తి స్థాయిలో వెలిగించాను. వారం తిరిగేసరికి పుట్టగొడుగుల్లాగా ఉండే మష్రూమ్ పగడాలు అంచులు లోపలికి ముడుచుకుని, ముదురు ఎరుపు నుంచి పాలిపోయి, చివరకు గాజులాగా తెల్లబడ్డాయి. ఏడింటిలో నాలుగు పోయాయి. ఆ నాలుగింటినీ తీసి పారేయవలసి వచ్చిన రోజును తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పగడం జంతువే అయినా దాని కణాల్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు నివసిస్తుంది. ఆ నాచు కాంతితో ఆహారం తయారుచేసి పగడానికి ఇస్తుంది. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకు ఇలా అందుతుందని చెబుతారు. కాబట్టి మనం దీపం వెలిగిస్తున్నది పగడం కోసం కాదు, దాని లోపలి నాచు కోసం. హేచరీ ఫ్లాస్కులోని నాచుకూ దీనికీ జాతి వేరు, అయినా రెండూ గోధుమ రంగువే, రెండూ కాంతిని పట్టి బతికేవే. తట్టుకోలేనంత కాంతి పడినప్పుడు ఆ నాచులో కిరణజన్య సంయోగక్రియ అదుపు తప్పి, కణాలకు హాని చేసే ఆక్సిజన్ రూపాలు పుడతాయి. పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది, రంగు వెలిసిపోతుంది. నీటి వేడి పెరిగినా జరిగేది ఇదే. ఈ రెండూ కలిస్తే ప్రమాదం మరింత ఎక్కువ. మన ప్రాంతంలో మే నెలలో ఈ రెండూ కలిసే వస్తాయి.

అందుచేత మొదట జీవులను నిర్ణయించుకుని, ఆ తరువాతే దీపం సంగతి చూడాలని నా గట్టి అభిప్రాయం. జీవుల నిర్ణయంలో మన దేశంలో చట్టం కూడా ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలన్నింటినీ, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను చేర్చారు. మన్నారు సింధుశాఖ నుంచి గానీ, అండమాన్, లక్షద్వీప్‌ల నుంచి గానీ వాటిని తీయడం నేరం. పగడపు దిబ్బ అంత నెమ్మదిగా పెరిగేది కనుక ఆ చట్టం ఉండటమే న్యాయమని నేను నమ్ముతాను. నా తొట్టిలో మష్రూమ్‌లు, గుండీల్లాంటి చిన్న తలలతో గుంపుగా పెరిగే జోవాంథస్‌లు, తోలులాగా కనిపించే లెదర్ పగడం వంటి మెత్తనివే ఉన్నాయి, అవి కూడా మరొకరి తొట్టిలో పెరిగిన వాటి నుంచి కోసి ఇచ్చిన ముక్కలే. రాళ్ళు కూడా సముద్రంలోవి కావు, పింగాణీతో చేసినవి. ఈ ఎంపిక వల్ల దీపం సమస్య సగం తేలికైంది, ఎందుకంటే మెత్తని పగడాలకు భారీ దీపం అక్కర్లేదు.

ఎంత కావాలన్నది వాట్లలో చెప్పలేము. లీటరుకు ఇన్ని వాట్లు అనే లెక్క ట్యూబులైట్ల కాలంలో ఏదో పనికొచ్చింది. ఇప్పుడు ఒకే వాటేజీ ఉన్న రెండు ఎల్‌ఈడీ దీపాలు ఇచ్చే కాంతిలో ఎంతో తేడా ఉంటుంది. సరైన కొలత పార్ అని పిలిచేది. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ పడుతున్నాయో అది చెబుతుంది. నడిమధ్యాహ్నం మన మైదానంలో పడే ఎండ దాదాపు 2000 ఉంటుంది. మష్రూమ్‌లకు 30 నుంచి 80, జోవాంథస్‌లకు, లెదర్‌కు 80 నుంచి 150 ఉంటే నిశ్చింతగా పెరుగుతాయి. కొమ్మల్లాగా పెరిగే గట్టి పగడాలకైతే 200 నుంచి 350 దాకా కావాలి, కానీ అవి మనం పెట్టుకునేవి కావు. చెన్నైలోని ఒక మిత్రుడి దగ్గర పార్ మీటరు అరువు తెచ్చి నా పాత దీపం కింద కొలిస్తే, మష్రూమ్‌లు ఉన్న చోట 310 చూపింది. అవి ఎందుకు పోయాయో ఆ అంకె చూశాక వేరే చెప్పనవసరం లేకపోయింది.

మీటరు ఖరీదైనది కాబట్టి చాలామంది ఫోనులోని లక్స్ కొలిచే యాప్‌ను నమ్ముతారు. ఇందులో ఒక చిక్కు ఉంది. లక్స్ అనేది మనిషి కంటికి తోచే వెలుతురు కొలత. మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ దగ్గర, బాగా చూస్తుంది, 450 దగ్గరి నీలాన్ని చాలా తక్కువగా గుర్తిస్తుంది. అందువల్ల నీలం నిండుగా ఉన్న దీపం కంటికీ యాప్‌కూ మసకగా తోస్తుంది, లోపల పగడం మాత్రం మాడిపోతుంటుంది. ఎండకైతే లక్స్ అంకెను 54తో భాగిస్తే పార్ రమారమిగా వస్తుంది. నీలి దీపానికి ఆ లెక్క వర్తించదు.

రంగు సంగతికి వస్తే, సముద్రపు నీరు ఎరుపును పైపైనే మింగేస్తుంది, నీలమే లోతుకు దిగుతుంది. జూజాంథెల్లే కూడా 420 నుంచి 480 నానోమీటర్ల నీలాన్ని చక్కగా పట్టుకుంటుంది. అందుకే పగడాల దీపాల్లో నీలం ఎక్కువగా ఉంటుంది. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా గార్లకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మన ముందుగదిలో ఈ తొట్టి ఇంత తక్కువ కరెంటుతో వెలుగుతున్నదంటే అది వారి చలవే. అయితే పూర్తిగా నీలం పెట్టుకోవడం నాకు నచ్చదు. పగడాల్లోని కొన్ని మాంసకృత్తులు నీలాన్ని పీల్చి పచ్చగా, నారింజ రంగుగా మెరుస్తాయి, చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ ఆ వెలుతురులో పగడం పాలిపోవడం మొదలైనా కంటికి ఆనదు. రోజులో కొంతసేపైనా తెల్లని కాంతి ఉంటేనే, మా బావ సీసా రంగును చూసినట్టు, నేను పగడం రంగును చూడగలుగుతాను.

దీపాల రకాల్లో బాగా వేడెక్కే పాతకాలపు మెటల్ హాలైడ్ బల్బును మన ఊళ్ళో తలచుకోనే వద్దు. 250 వాట్ల దీపం ఒక్కటి రోజుకు 9 గంటలు వెలిగితే నెలకు దాదాపు 67 యూనిట్లు అవుతుంది, పైగా దాని వేడి నేరుగా నీటి మీదికే కొడుతుంది. టీ5 అనే సన్నని ట్యూబులైట్లు నీడలు లేకుండా సమంగా కాంతినిస్తాయి, ఆ గుణం నాకు ఎంతో ఇష్టం. కానీ మూడడుగుల ట్యూబు ఒక్కొక్కటి 39 వాట్లు, నాలుగు కావాలి, ఏడాదికొకసారి మార్చాలి, మార్చవలసిన ట్యూబులు ఇక్కడ దొరకవు. చివరికి ఒక పెద్ద ఎల్‌ఈడీకి బదులు 50 వాట్ల చిన్నవి రెండు తీసుకున్నాను. నెలకు 27 యూనిట్లు. రెండు దిక్కుల నుంచి కాంతి పడటం వల్ల రాళ్ళ కింద కటిక నీడలు తగ్గాయి. నీటికి పదంగుళాల ఎత్తున వేలాడదీస్తే రాతి పైన 140, మధ్యలో ఇసుక మీద 70, మూలల్లో 35 వచ్చింది. లెదర్ పైన, జోవాంథస్‌లు రాతి నడుమన, మిగిలిన మష్రూమ్‌లు మూలల్లో కుదురుకున్నాయి.

ఇక ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలు అన్నది ఊరికే కాదు. పడమటి గోడ వేడెక్కి, సాయంత్రానికి మా గదిలో తొట్టి నీరు 30 డిగ్రీలు దాటేది. పగడాలకు 25 నుంచి 27 ఉంటే మంచిది. నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరి వల్ల రెండు డిగ్రీలు తగ్గుతుంది. తగ్గిన నీటిని ఆర్‌వో మంచినీటితోనే నింపాలి, ఉప్పునీటితో నింపితే ఉప్పదనం పెరిగిపోతుంది. అసలు మేలు చేసింది మాత్రం టైమరు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 వరకు వెలిగే దీపాలను మే నెలలో సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి వరకు మారుస్తాను, కాంతిని మూడోవంతు తగ్గిస్తాను. ఇంట్లోని పగడానికి మన గడియారంతో పని లేదు. రోజూ అదే వేళకు వెలుతురు వస్తే చాలు. వేడీ వెలుతురూ ఒకే గంటలో దానిమీద పడకుండా చూడటమే మన వంతు.

కరెంటు పోయినప్పుడు దీపం గురించి కంగారు పడనవసరం లేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు మాకు రోజున్నర కరెంటు లేదు. ఇన్వర్టరు మీద నీటిని కదిలించే పంపు, గాలి పంపు మాత్రమే నడిపాను. చీకటి వల్ల ఒక్క పగడానికీ ఏమీ కాలేదు. ప్రాణం నిలిపేది ఆక్సిజన్.

తీరానికి దగ్గరలో ఉన్నవారు ఉప్పు సంగతి మరిచిపోకూడదు. బుడగలు చిట్లి దీపం అద్దం మీద ఉప్పు పేరుకుంటుంది, కాంతి తగ్గుతుంది, ఫ్యానుల బేరింగులు తుప్పు పడతాయి. వారానికొకసారి స్విచ్ ఆపి, మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడుస్తాను. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి మళ్ళీ పైకి వచ్చేలా కడతాను, నీటి చుక్క జారినా నేలమీద పడుతుంది. తొట్టికి వెళ్ళే లైనుకు కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించుకున్నాను. ఉప్పునీటి దగ్గర ఇది లేకుండా చేయి పెట్టవద్దని ప్రతి ఒక్కరినీ బతిమాలుతాను.

కొత్త పగడం వచ్చినా, కొత్త దీపం వచ్చినా, ఇప్పుడు తొట్టి మీద దోమతెర గుడ్డను నాలుగు మడతలుగా వేస్తున్నాను. నాలుగైదు రోజులకొక మడత తీస్తాను. జోవాంథస్‌ల కాడలు పొడవుగా సాగి పైకి చూస్తుంటే కాంతి చాలడం లేదని, మష్రూమ్‌లు ముడుచుకుంటే ఎక్కువైందని తెలుసుకుని, మళ్ళీ ఒక మడత వేయడమో తీయడమో చేస్తాను. పోయిన నెల వచ్చిన లెదర్ ముక్క మీద ఇంకా రెండు మడతలు ఉన్నాయి. నిన్న రాత్రి దాని చిన్న చిన్న నోళ్ళు మొదటిసారి విచ్చుకున్నాయి. వచ్చే ఆదివారం వరకు ఇలాగే ఉంచి, మూడో మడత అప్పుడు తీస్తాను.