ఈ మైనర్ నుంచి ఎఫ్ దాకా: గిటార్ కార్డులతో నా అనుభవం

గిటార్ పట్టిన కొత్తలో చాలామందికి ముందుగా చెప్పే కార్డ్, అంటే కొన్ని స్వరాలు కలిసి మోగే పట్టు, ఈ మైనర్ (Em). ఐదో తీగని, నాలుగో తీగని రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కడ్డీల మధ్య గడి) దగ్గర రెండు వేళ్లతో నొక్కితే అయిపోయింది. మిగతా నాలుగు తీగలూ ఖాళీగానే మోగుతాయి. నేను కూడా దాంతోనే మొదలుపెట్టాను. ఒక్కసారి మీటగానే గది నిండా మోగింది. ఓస్, ఇంతేనా అనిపించింది. రెండో కార్డ్ నేర్చుకున్నాక తెలిసింది అసలు సంగతి. విడివిడిగా కార్డులు ఎవరికైనా వస్తాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి లయ తప్పకుండా వెళ్లడం దగ్గరే ప్రాణం పోతుంది. నేను పడ్డ తిప్పల్లో సగానికి పైగా అక్కడివే కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందుగా కొన్ని చిన్న విషయాలు. తీగల లెక్క సన్న తీగ నుంచి మొదలవుతుంది. సన్నది ఒకటి, అన్నిటికంటే లావుది ఆరు. గిటార్ ఒళ్లో పెట్టుకుంటే ఆరోది పైకి, ఒకటోది కిందికి వస్తుంది. అందుకే మొదట్లో బొమ్మ చూసి వేళ్లు పెట్టాలంటే బుర్ర తిరుగుతుంది. శ్రుతి లావు తీగ నుంచి వరుసగా ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. ఫోన్‌లో ట్యూనర్ ఉంటే రెండు నిమిషాల పని. దాంతోపాటు పాత పద్ధతి కూడా నేర్చుకున్నాను. ఆరో తీగని ఐదో ఫ్రెట్‌లో నొక్కి మోగిస్తే ఐదో తీగ ఖాళీగా మోగినప్పటి స్వరమే రావాలి. మిగతా జతలకీ ఇదే లెక్క, ఒక్క మూడో తీగకి మాత్రం నాలుగో ఫ్రెట్. ఇలా శ్రుతి చేసుకోవడం వల్ల చెవి తొందరగా మేల్కొంటుంది. కొత్త తీగలు వేసినప్పుడు మాత్రం విసుగు పుడుతుంది. అవి సాగుతూనే ఉంటాయి, శ్రుతి దిగిపోతూనే ఉంటుంది.

నొప్పి గురించి అందరూ చెప్తారు, నిజమే. స్టీల్ తీగలు వేళ్ల కొసల్ని కోసేస్తాయి. నైలాన్ తీగలైతే కొంత నయం. కొన్నాళ్లకి వేళ్లు కాయలు కాస్తాయి, ఆ తర్వాత ఆ బాధ ఉండదు. రోజూ కాసేపు వాయిస్తే కాయలు నిలుస్తాయి. ఆదివారం ఒక్కరోజే గంటల తరబడి వాయించి వారమంతా గిటార్‌ని మూలన పెడితే ప్రతి ఆదివారం మళ్లీ మొదటి రోజు నొప్పే. స్నానం చేసి వచ్చిన వెంటనే వాయించకపోవడం మంచిది, చర్మం మెత్తబడి ఉంటుంది. ఎడమచేతి గోళ్లు మాత్రం పొట్టిగా ఉండి తీరాలి. గోరు పొడుగ్గా ఉంటే వేలు నిలువుగా దిగదు, ఏటవాలుగా పడి పక్క తీగని మూసేస్తుంది.

అయితే నొప్పంతా మన ఖాతాలోదే కాదు. నా గిటార్‌కి తీగలు మరీ ఎత్తుగా ఉండేవి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ కింద 2.5 మిల్లీమీటర్ల దాకా సందు ఉంటే మామూలు. నాదాంట్లో అంతకంటే చాలా ఎక్కువే ఉండేది. తెలిసినవాళ్ల చేత సెటప్ చేయించాక, అంటే తీగల ఎత్తు సరిచేయించాక, అదే చేతితో అవే కార్డులు సగం బలంతో పలికాయి. కొత్తవాళ్లు ఎవరైనా ‘నా వేళ్లలో బలం లేదేమో’ అంటే ముందు గిటార్‌ని ఎవరికైనా చూపించమంటాను.

బలం గురించే ఇంకో మాట. మొదట్లో నేను తీగని నొక్కే తీరు చూసి మా స్నేహితుడొకడు నవ్వాడు. ‘ఒరేయ్, గోడకి మేకు కొడుతున్నావా? గట్టిగా కాదు, దగ్గరగా నొక్కు’ అన్నాడు. దగ్గరగా అంటే ఫ్రెట్ కడ్డీకి దగ్గరగా. రెండు కడ్డీల మధ్యలో నొక్కితే తీగ బుర్రుమంటుంది, ఆ చప్పుడు పోవాలంటే ఇంకా బలం వాడాలి. వేలిని కడ్డీ వైపు, దాదాపు ఆనుకునేంతగా జరిపితే చాలా తక్కువ ఒత్తిడికే స్వరం శుభ్రంగా వస్తుంది. సరిగ్గా కడ్డీ మీదే పెడితే మాత్రం మొద్దుగా మూసుకుపోతుంది. ఎంత బలం అవసరమో తెలుసుకోవడానికి వాడు చెప్పిన ఉపాయం బాగుంది. వేలిని తీగ మీద ఊరికే ఆనించి మీటుతూ మెల్లగా ఒత్తిడి పెంచాలి. టక్‌మనే చప్పుడు బుర్రుమనడంగా మారి, చివరికి తేటగా మోగుతుంది. అక్కడ ఆగిపోవాలి. అంతకు మించిన బలమంతా దండగే.

ప్రతి కార్డ్‌నీ ఒక్కో తీగ విడిగా మీటి చూసుకోవడం బోరే, కానీ పనికొస్తుంది. సీ కార్డ్ పట్టుకున్నప్పుడు నాకు ఒకటో తీగ ఎప్పుడూ పలికేది కాదు. రెండో తీగ మీదున్న చూపుడు వేలు వాలిపోయి, దాని కింది కణుపు ఒకటో తీగకి తగిలేది. బొటనవేలిని నెక్ (గిటార్ మెడ) వెనక కాస్త కిందికి దించితే మణికట్టు ముందుకి వచ్చి వేళ్లు వంపు తిరుగుతాయి, తీగ విడుదలవుతుంది. వేళ్ల సమస్యకి మందు బొటనవేలి దగ్గర ఉంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

ఈ తీగ తీగనీ మీటడంలోనే ఒక ఆనందం దొరికింది. సీ కార్డ్‌లో ఐదో తీగ నుంచి కిందికి వరుసగా మోగే స్వరాలేంటో చూశాను. సీ ని షడ్జమం అనుకుంటే, స గ ప స గ. అంతే! ఐదు తీగల్లో ఉన్నవి మూడే స్వరాలు. మేజర్ కార్డ్ అంటే స, గ, ప కలిసి మోగడమే. మైనర్‌లో గాంధారం అర మెట్టు దిగుతుంది, అంటే అంతర గాంధారం బదులు సాధారణ గాంధారం. ఈ మేజర్‌లో (E) ఆరు తీగలూ మోగితే స ప స గ ప స. గాంధారం ఒక్క మూడో తీగ మీదే ఉంది. దాని మీదున్న చూపుడు వేలు ఎత్తేస్తే ఈ మేజర్ కాస్తా ఈ మైనర్ అవుతుంది. ఒక వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి, ఆ తేడా వింటూ చాలాసేపు కూర్చున్నాను. వాయించాల్సిన అభ్యాసం ఆ రోజు అటకెక్కింది.

ఇక మారడం. మొదట్లో నా వేళ్లు ఒక్కొక్కటే బయల్దేరేవి. చూపుడు వేలు తన చోటు వెతుక్కుని కూర్చునేది, తర్వాత మధ్య వేలు, తర్వాత ఉంగరపు వేలు. ఈలోగా పాట వెళ్లిపోయేది. మా వదిన పక్క గదిలోంచి ‘పాట మధ్యలో ఆ ప్రకటనలేంటి?’ అనేది.

కదలాల్సిన వేళ్లని లెక్కపెట్టడం దగ్గర నాకు దారి దొరికింది. ఏ మైనర్ (Am) నుంచి సీ కి వెళ్లాలంటే మూడు వేళ్లూ ఎత్తక్కర్లేదు. చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్‌లో, మధ్య వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో అలాగే ఉంటాయి. ఉంగరపు వేలు ఒక్కటే మూడో తీగ వదిలి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కి వెళ్తుంది. ఈ మేజర్ నుంచి ఏ మైనర్‌కైతే ఆకారం మారదు, మూడు వేళ్లూ కలిసి ఒక్కో తీగ కిందికి దిగుతాయి. ఏ కార్డ్ తర్వాత ఏది నేర్చుకోవాలనేది కూడా దీన్ని బట్టే పెట్టుకోవాలని నా అభిప్రాయం. సీ, డీ, ఈ, ఎఫ్ అంటూ అక్షరాల వరుసలో వెళ్తే వేళ్లకి ఏ చుట్టరికమూ దొరకదు.

జీ దగ్గర ఇంకో వెసులుబాటు ఉంది. దాన్ని మూడు వేళ్లతోనూ పట్టొచ్చు, నాలుగు వేళ్లతోనూ పట్టొచ్చు. నాలుగు వేళ్ల పద్ధతిలో ఉంగరపు వేలు రెండో తీగ మూడో ఫ్రెట్‌లో, చిటికెన వేలు ఒకటో తీగ మూడో ఫ్రెట్‌లో ఉంటాయి. ఆ రెండూ కదలకుండా మిగతా రెండింటినీ ఒక్కో తీగ కిందికి దించితే సీ యాడ్ నైన్ అనే కార్డ్ వస్తుంది. మామూలు సీ బదులు చాలా పాటల్లో అది చక్కగా ఒదిగిపోతుంది. అక్కణ్నుంచి డీ కి వెళ్లినా ఉంగరపు వేలు లేవక్కర్లేదు. అంటే జీ, సీ యాడ్ నైన్, డీ మూడింటిలోనూ ఆ వేలు ఉన్నచోటే ఉంటుంది. చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు, ఆ ఒక్క వేలిని నమ్ముకుని మిగతావి కదిలాయి. లయ తెగకుండా నేను వాయించిన మొదటి వరుస ఇదే.

అన్ని కార్డులకీ ఇలాంటి ఉమ్మడి వేలు దొరకదు. సీ నుంచి డీ కి వెళ్లాలంటే మూడూ లేవాల్సిందే. అక్కడ పనికొచ్చింది నిమిషం కసరత్తు. గడియారం పెట్టుకుని ఒక నిమిషంలో రెండు కార్డుల మధ్య ఎన్నిసార్లు మారగలిగామో లెక్కపెట్టడం. 60 దాకా వెళ్తే ఆ జత మామూలు పాటలకి సరిపోయినట్టే. ఇందులో స్వరాలు పూర్తిగా శుభ్రంగా లేకపోయినా పట్టించుకోకూడదు, వేళ్లు కలిసి దిగడమే ముఖ్యం. దీనితోపాటు ఇంకొకటి చేశాను. కార్డ్ పట్టుకుని, వేళ్లని తీగలకి కొద్దిగా పైకి ఎత్తి, ఆకారం చెదరకుండా మళ్లీ దించడం. చూసేవాళ్లకి ఏమీ చేయనట్టే ఉంటుంది, చప్పుడు కూడా రాదు. టీవీ చూస్తూ కూడా చేయొచ్చు.

అయినా వేళ్లు వెనకా ముందూ పడితే, లావు తీగ మీదుండే వేలిని ముందు దించమంటాను. కిందికి మీటేటప్పుడు పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) ముందు తాకేది లావు తీగలనే కదా. సన్న తీగ మీద వేలు ఓ అరక్షణం ఆలస్యమైనా చెవికి పెద్దగా తెలియదు. లావు తీగ స్వరం తప్పితే మాత్రం కార్డ్ మొత్తం కూలిపోయినట్టు వినిపిస్తుంది.

ఇంతా చేసి, అసలు చిక్కు కుడిచేతిలో ఉంది. ఎడమచేయి సిద్ధమయ్యేదాకా కుడిచేయి మర్యాదగా ఆగుతుంది. ఆ మర్యాద మాన్పించాలి. మెట్రోనోమ్‌ని (లయకి టక్ టక్ కొట్టే పరికరం) నిమిషానికి 60 దగ్గర పెట్టుకుని, ఎడమచేయి చేరినా చేరకపోయినా కుడిచేయి మీటుతూనే ఉండాలని నియమం పెట్టుకున్నాను. మొదట్లో అంతా గోలగా ఉంటుంది. మెల్లగా ఎడమచేయే పరుగెత్తుకొచ్చి అందుకుంటుంది.

ఆ రోజుల్లోనే బాగా వాయించేవాళ్ల వీడియోలు వేగం తగ్గించి వింటే ఒక గుట్టు బయటపడింది. కార్డ్ మారే ముందు, నాలుగో బీట్ తర్వాత పైకి మీటే దెబ్బ చాలాసార్లు ఖాళీ తీగల మీదే పడుతోంది! వేళ్లు అప్పటికే గాలిలో ఉన్నాయి. మామూలు వేగంలో వింటే అది తెలియదు సరికదా, పాటకి ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది. అంటే వాళ్లు కూడా సున్నా సమయంలో మారట్లేదు. ఆ అర బీట్ నాకూ ఉందని తెలిశాక సగం టెన్షన్ పోయింది.

ఎఫ్ గురించి రాయకపోతే గిటార్ నేర్చుకున్నవాళ్లెవరూ నన్ను నమ్మరు. చూపుడు వేలిని మొదటి ఫ్రెట్‌లో ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోబెట్టి, మిగతా మూడు వేళ్లతో ఈ మేజర్ ఆకారం పట్టాలి. చాలామంది గిటార్‌ని అటక మీద పెట్టేసేది ఈ మజిలీలోనే. దీన్ని చాకిరీలా కాకుండా లెక్కలా చూస్తే కాస్త దారికొచ్చింది. చూపుడు వేలు ఆరు తీగల్నీ నొక్కుతున్నట్టు కనిపిస్తుంది గానీ, ఐదు, నాలుగు, మూడు తీగల్ని పై ఫ్రెట్లలో మిగతా వేళ్లు ఎలాగూ పట్టుకున్నాయి. అంటే చూపుడు వేలు పలికించాల్సినవి ఆరు, రెండు, ఒకటి, ఈ మూడే. మధ్యలో అది కొంచెం వదులుగా ఉన్నా నష్టం లేదు. వేలిని కొద్దిగా బొటనవేలి వైపు తిప్పి పక్క ఎముక ఆనేలా చేస్తే కండ మడతల్లో తీగలు దాక్కోవు. బొటనవేలితో నులమడం తగ్గించి, మోచేతిని ఒంటికి దగ్గరగా లాగితే చేతి బరువే సగం పని చేస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ఆకారానికి మొదటి ఫ్రెట్ అన్నిటికంటే కఠినమైన చోటు. తీగలు నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీదుగా దిగే చోటు కాబట్టి అక్కడ బిగువు ఎక్కువ అనిపిస్తుంది, పైగా ఫ్రెట్లు వెడల్పు. 648 మిల్లీమీటర్ల తీగ పొడవుండే గిటార్‌లో మొదటి ఫ్రెట్ వెడల్పు సుమారు 36 మిల్లీమీటర్లు, ఐదోది 29. అందుకే నేను అదే ఆకారాన్ని ముందు ఐదో ఫ్రెట్‌లో పట్టుకున్నాను. అక్కడ అది ఏ మేజర్ (A). అది మోగాక నాలుగుకి, మూడుకి, అలా ఒక్కో మెట్టు దిగుతూ ఎఫ్ దగ్గరికి వచ్చాను. ఈలోపు పాటలు ఆగకుండా చిన్న ఎఫ్ వాడుకున్నాను. చూపుడు వేలు ఒకటి, రెండు తీగల మీద మాత్రమే, కింది నాలుగు తీగలే మీటడం. అసలు ఒకటో తీగని వదిలేసి ఖాళీగా మోగనిస్తే ఎఫ్ మేజర్ సెవెన్ అవుతుంది, మెల్లగా సాగే పాటల్లో అదే ఎక్కువ అందంగా ఉందని నాకనిపిస్తుంది.

కేపో (ఒక ఫ్రెట్‌లో తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్) పెట్టుకోవడం దొంగదారి అని మా స్నేహితుడు వెక్కిరిస్తాడు. ఎఫ్, బీ ఫ్లాట్, సీ వచ్చే పాటని మూడో ఫ్రెట్‌లో కేపో పెట్టి డీ, జీ, ఏ ఆకారాలతో లాగించేస్తే తప్పేంటో నాకు అర్థం కాదు. పాడే గొంతుకి శ్రుతి కుదరాలన్నా కేపో జరపాల్సిందే కదా.

ప్రస్తుతం బీ మైనర్ మీద ఉన్నాను. ఏ మైనర్ ఆకారాన్నే రెండు ఫ్రెట్లు పైకి జరిపి, వెనక చూపుడు వేలు అడ్డంగా వేయడం. ఎఫ్ తర్వాత ఇది అంత భయపెట్టలేదు. ఏ మేజర్ నుంచి దానికి బానే వెళ్తున్నాను. డీ నుంచి వెళ్లేటప్పుడు మాత్రం ఇంకా ఒక బీట్ మింగేస్తున్నాను, నిమిషం కసరత్తు ఆ జత మీదే నడుస్తోంది.