ఆ బొమ్మ చూశాకే అమ్మ కుదుటపడింది

అమ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయి వారం అయింది. ముందు రోజు సంగతి ఒకటి చెప్పాలనిపించి రాస్తున్నా.

సర్జన్ గారు అంతా వివరంగానే చెప్పారు, అమ్మ ప్రతిదానికీ తలూపింది, కానీ బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని "పొట్ట మొత్తం కోస్తారా?" అని అడిగింది. ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు, భయం అలాంటిది.

సాయంత్రం నర్సు ఒకావిడ చార్టు తెచ్చి పక్కన కూర్చుంది. కాలేయం, దాని కింద చిన్న సంచిలా పిత్తాశయం (అదే గాల్‌బ్లాడర్), అందులో రాళ్లు. తిన్నది అరగడానికి సాయపడే పైత్యరసం తయారుచేసేది కాలేయమేనని, ఈ సంచి దాన్ని నిల్వ చేస్తుందంతేనని వేలితో చూపిస్తూ చెప్పేసరికి, "తీసేస్తే తిన్నది ఎలా అరుగుతుంది" అని అమ్మ నెల రోజులుగా పడుతున్న టెన్షన్ పోయింది. బొమ్మలో పొట్ట మీద నాలుగు చుక్కలు పెట్టి, కోతలు ఇంతే, ఒక్కోటి 5 నుంచి 10 మిల్లీమీటర్లు అంది. ఒక్కోసారి పెద్ద కోత అవసరపడొచ్చని కూడా దాచలేదు. లోపల బాగా కనిపించడానికి కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బిస్తారని, దానివల్ల తర్వాత భుజం నొప్పి రావచ్చని చెప్పింది.

చివర్లో "ఇప్పుడు మీరు నాకు చెప్పండమ్మా" అని చార్టు అమ్మ చేతికిచ్చింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. అమ్మ తడబడిన చోట మళ్లీ చూపించింది, విసుక్కోలేదు. చార్టు లేకపోతే కాగితం మీద పెన్నుతో గీసి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

ఆపరేషన్ అయిన రాత్రి నిజంగానే కుడి భుజం లాగింది. నేను కంగారుగా లేచాను. అమ్మేమో "గ్యాస్ వల్లేరా, నిన్న చూపించారుగా" అని అటు తిరిగి పడుకుంది.