స్కాట్లాండ్‌లో ఇంటికి ఫైర్ అలారాలు: నా అనుభవం

స్కాట్లాండ్‌లో 2022 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి ఇంట్లో ఒకటి మోగితే అన్నీ మోగే ఫైర్ అలారాలు ఉండి తీరాలి. 2017లో లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది చనిపోయాక తెచ్చిన రూల్ ఇది. అద్దెకున్నన్నాళ్లూ ఆ బాధ్యత ఓనరుదే. గ్లాస్గోలో మేం కొనుక్కున్న పాత మేడ ఇంట్లో మాత్రం కింద హాల్లో ఒకే ఒక్క పాత అలారం ఉంది. ఆ సంగతి హోమ్ రిపోర్టులో (ఇల్లు అమ్మేవాళ్లు చూపించే ఇంటి తనిఖీ నివేదిక) సర్వేయరు రాశారు కూడా.

ఎక్కువసేపు కూర్చునే గదిలో ఒక స్మోక్ అలారం, కింద హాల్లో ఒకటి, మెట్లెక్కగానే ల్యాండింగ్‌లో ఒకటి, వంటింట్లో హీట్ అలారం పెట్టాలి. ఇవన్నీ సీలింగుకే బిగించాలి. ఇంటిని వేడిచేసే గ్యాస్ బాయిలర్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ (వాసన తెలియని విషవాయువు) అలారం కూడా కావాలి, దాన్ని మాత్రం మిగతావాటితో కలపనక్కర్లేదు.

నాకు బాగా నచ్చింది వంటింటి రూలే. హీట్ అలారానికి పొగతో పనిలేదు, వేడి బాగా పెరిగితేనే మోగుతుంది. మన వంటిళ్లకు సరిగ్గా కావాల్సింది అదే. ఎండుమిరపకాయలు పోపులో పడిన ప్రతిసారీ అలారం గోల పెడుతోందని బ్యాటరీ పీకేసిన ఇళ్లు నేను చూశాను. పిల్లలున్న ఇళ్లలో కూడా! తలుచుకుంటేనే భయమేస్తుంది.

కరెంటు లైనుకు కలిపేవైతే ఎలక్ట్రీషియన్ రావాలి, సీలింగులో వైరింగ్ పని పడుతుంది. అందుకని మేం పదేళ్లు వచ్చే సీల్డ్ బ్యాటరీవి తీసుకున్నాం. ఆ బ్యాటరీ ఎవరూ తీయలేరు. వైఫై అక్కర్లేదు, రేడియో సిగ్నల్‌తో వాటిలో అవే మాట్లాడుకుంటాయి. అన్నీ ఒకే కంపెనీవి తీసుకోండి, వేర్వేరు కంపెనీలవి మామూలుగా కలవవు. డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టి ముందు లింక్ చేసేసుకుని, ఆ తర్వాత మావారు నిచ్చెనెక్కి బిగించారు. స్మోక్ అలారం గోడకీ లైటుకీ కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి కాబట్టి ల్యాండింగ్‌లో చోటు కుదరడానికి టేపుతో చాలాసేపు కొలవాల్సి వచ్చింది.

మా అత్తగారు పై గదిలో తలుపేసుకుని పడుకుంటారు, వినికిడి కాస్త తక్కువ. ఆవిడకి ముందే చెప్పి, వంటింట్లో టెస్ట్ బటన్ నొక్కాను. ఇల్లంతా దద్దరిల్లింది. ఆవిడ తలుపు తీసుకుని వచ్చి, "నువ్వు కింద నొక్కితే ఇక్కడ నా నెత్తి మీద మోగిందేంటమ్మాయ్!" అన్నారు. పాత అలారం ఒక్కటే ఉండుంటే ఆ గదిలోకి వినపడేదే కాదు.

పెట్టుకోకపోతే ఫైన్ వేయరట కదా అని కొందరు వాయిదా వేస్తున్నారు. దయచేసి వేయకండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే స్కాటిష్ ఫైర్ అండ్ రెస్క్యూ సర్వీస్‌ని అడగండి, ప్రమాదం ఎక్కువున్న ఇళ్లకు వాళ్లే ఉచితంగా వచ్చి చూస్తారు.