చిటికెన వేలికి ఏమీ కాలేదు

రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేది. కుడిచేతి వేళ్లలో సూదులు గుచ్చుతున్నట్టు మంట, తిమ్మిరి. లేచి కూర్చుని, తడిచెయ్యి విదిలించినట్టు విదిలిస్తే కాసేపటికి తగ్గేది. చెయ్యి ఒంటికింద పడి నలిగిందేమోలే అని మళ్లీ పడుకునేదాన్ని. అలా దాదాపు ఏడాది పోగొట్టుకున్నాను. దానికి ఇప్పటికీ బాధగానే ఉంది.

తర్వాత పగలు కూడా మొదలైంది. ఫోన్ పట్టుకుంటే తిమ్మిరి. గుండీ పెట్టుకుంటుంటే అది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో తెలిసేది కాదు, కిందికి చూసుకోవాల్సి వచ్చేది. మెడ నరం అన్నారు ఒకరు, రక్తం సరిగా ఆడట్లేదన్నారు ఇంకొకరు. విటమిన్ మాత్రలు వాడాను.

చివరికి ఎముకల డాక్టర్ అడిగారు: "ఏయే వేళ్లమ్మా?" అన్నీ అన్నాను. "చిటికెన వేలు కూడానా?" అక్కడే ఒక్కో వేలూ గిల్లి చూసుకున్నాను. చిటికెన వేలు చురుక్కుమంది. మిగతావి మొద్దుగా ఉన్నాయి.

మణికట్టులో ఒక ఇరుకు సొరంగం ఉంటుందట. అడుగున ఎముకలు, పైకప్పుగా గట్టి పట్టీలాంటి లిగమెంట్. వేళ్లను ముడిచే తాళ్లలాంటి 9 టెండన్లూ, వాటితోపాటు మీడియన్ నరమూ అందులోంచే వెళ్లాలి. లోపల కాస్త వాపు వచ్చినా నలిగేది ఆ నరమే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం దాని కిందికే వస్తాయి. చిటికెన వేలి నరం ఆ సొరంగంలోకి రాదు. ఇలా సొరంగంలో నరం నలగడాన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. షుగర్, థైరాయిడ్ ఉన్నా ఇది రావచ్చని ఆ రెండు పరీక్షలూ చేయించారు. నాకు రెండూ లేవు. నరాల పరీక్షలో మాత్రం మణికట్టు దగ్గర సిగ్నల్ నెమ్మదిస్తోందని తేలింది.

నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందుకే మణికట్టును తిన్నగా ఉంచే స్ప్లింట్ రాత్రిళ్లు పెట్టుకోమన్నారు. నిజంగానే నిద్ర పట్టింది. కానీ తిమ్మిరి పూర్తిగా పోలేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని నెలలు హాయిగా గడిచి, మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి బొటనవేలి కింద అరచేతిలో ఉబ్బెత్తుగా ఉండే కండ చదునైపోయింది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుని భయపడ్డాను. ఇంకా ఆగితే ఆ కండ తిరిగి రాకపోవచ్చన్నారు డాక్టర్.

ఆపరేషన్ చేతికి మాత్రమే మత్తిచ్చి చేశారు. సొరంగం పైకప్పులా ఉన్న లిగమెంట్‌ను కోసి నరానికి చోటిచ్చారు. అదే రోజు ఇంటికొచ్చాను. కుట్టు సలుపుతున్నా, తిమ్మిరితో మాత్రం లేవలేదు. ఆ రాత్రిని మర్చిపోలేను. అరచెయ్యి ఆనించి కుర్చీలోంచి లేవడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. పట్టు ఇంకా నెమ్మదిగా వచ్చింది.

ఇప్పుడు గుండీ చూడకుండానే పెట్టుకుంటున్నాను. చూపుడువేలి కొస ఇంకా కొద్దిగా మొద్దుగానే ఉంది. పోయిన నెల ఎడమచేతిలోనూ తిమ్మిరి మొదలైంది. ఆ వారమే డాక్టర్‌కి చూపించి, స్ప్లింట్ పెట్టుకుని పడుకుంటున్నాను.