ఫాల్ ఔట్ అంటే లైను వదలడం అనుకున్నాను

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి పెట్టే ఎస్ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశ, అంటే టైర్ 1, ఇంగ్లిష్‌లో 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. ఈ లెక్కలు నాకు కంఠతా వచ్చు. ఫాల్ ఔట్ దగ్గరే బోల్తా పడ్డాను.

ఓ మాక్ టెస్టులో 'హీ ఫెల్ ఔట్ విత్ హిజ్ బ్రదర్ ఓవర్ ప్రాపర్టీ' అని ఇచ్చారు. స్కూల్లో డ్రిల్ సార్ ఫాల్ ఇన్ అంటే లైను కట్టేవాళ్లం, ఫాల్ ఔట్ అంటే లైను వదిలేవాళ్లం. అది గుర్తొచ్చి, తమ్ముడితో కలిసి బయటికి వెళ్లిపోయాడనే ఆప్షన్ పెట్టేశా. ఆ అర్థమూ ఉంది, కానీ ఇక్కడ కాదు. రావాల్సిన రెండూ పోయి, పైన అర మార్కు కోత.

గొడవపడటం అని నోట్సులో రాసుకున్నా, వారానికే మర్చిపోయా. తర్వాత ఓ రోజు అమ్మ ఫోన్లో "పెదనాన్న వాళ్లకీ మనకీ చెడిందిరా, గట్టు దగ్గర" అంది. అప్పుడు వెలిగింది. ఫాల్ ఔట్ అంటే చెడటం! ఎవరితో చెడిందో విత్ చెబుతుంది, దేని దగ్గర చెడిందో ఓవర్ చెబుతుంది. వాక్యంలో తప్పు పట్టుకోమనే ఎర్రర్ స్పాటింగ్ ప్రశ్నల్లో విత్ బదులు టు పెట్టి మోసం చేస్తారు, చూసుకోండి. హ్యావ్ తర్వాత ఫెల్ ఉన్నా తప్పే, ఫాలెన్ రావాలి.

ఇంకొకటి. ఉట్టి అభిప్రాయభేదం ఫాల్ ఔట్ కాదు. మా గ్రూపులో కటాఫ్ మీద రోజూ వాదించుకుంటాం, టీ మాత్రం కలిసే తాగుతాం, అది డిసగ్రీ. మాటలు ఆగిపోతేనే ఫాల్ ఔట్. ఆప్షన్లలో డిసగ్రీడ్, క్వారెల్డ్ రెండూ ఉంటే రెండోదే పెట్టండి. మళ్లీ కలిసిపోతే మేక్ అప్, దానికి పౌడరుతో పనిలేదు. నామవాచకంగా ఫాలింగ్ ఔట్ అంటే తగువు. ఫాలౌట్ అని కలిపి రాస్తే ఒక పని తాలూకు చెడు పర్యవసానం. అణుబాంబు పేలాక పైనుంచి రాలే ధూళినీ అదే అంటారు.

అప్పటినుంచి అర్థం బదులు మా ఇంట్లో వినబడే మాటే పక్కన రాసుకుంటున్నా. ఫాల్ త్రూకి 'సంబంధం తప్పిపోయింది'. ఫాల్ బ్యాక్ ఆన్‌కి 'ఇక చిట్టీ డబ్బులే దిక్కు'. ఫాల్ ఫర్ మాత్రం శ్రమ లేకుండా వచ్చేసింది. తీపి మాటలకి పడిపోవడం మనకీ పడటమే కదా.